తోక నమిలింది గౌరే, జూలు రాలడం మాత్రం దాని పని కాదు

ప్రశ్న: మాది మద్దిపాడు దగ్గర పల్లెటూరు. మాకు మూడు ఒంగోలు ఆవులు, రెండు దూడలు, పద్నాలుగు నెలల పెయ్య ఉన్నాయి. పెయ్య పేరు గౌరి. రెండేళ్ల కిందట మా అబ్బాయి పెళ్లి ఊరేగింపులకు బాడుగకు తిప్పుతానని ఒక తెల్ల ఆడగుర్రాన్ని తెచ్చాడు. నిరుడు దానికి తోడుగా ఇంకో గుర్రం వచ్చింది. అప్పటి నుంచి ఇంట్లో రోజూ పంచాయితీనే. గౌరి గడియను నాలుకతో తోసి గుర్రాల కొట్టంలో దూరుతుంది. వాటి ఉలవలు తినేస్తుంది, నీళ్ల బకెట్ దొర్లిస్తుంది. ఆడగుర్రం తోకను నమిలి నమిలి సగం చేసింది. ఈ మధ్య జూలు కూడా రాలుతోంది. మాఘంలో పెళ్లిళ్లు మొదలైతే ఈ గుర్రాన్ని ఎవరు పిలుస్తారని అబ్బాయి గొడవ. పెయ్యను అమ్మేయమంటాడు. మా ఆయనేమో గుర్రాలనే అమ్మేయమంటాడు. గౌరిని రెండు రోజులు దూరంగా కట్టేస్తే గుర్రం మేత సరిగా ముట్టలేదు. నాకు ఏదీ అమ్మాలని లేదు. ఆవుల్నీ గుర్రాల్నీ ఒక్కచోట సాకొచ్చా?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

సమాధానం: అమ్మా, సాకొచ్చు. మాది కావలి పక్క ఊరు. పద్దెనిమిదేళ్లుగా మా దొడ్డిలో ఆవులూ గుర్రాలూ కలిసే ఉన్నాయి. గౌరి చేసే పనులన్నీ మా ఆవులూ చేశాయి. కాబట్టి పెయ్యను అమ్మే మాట ఇప్పుడే వద్దు, గుర్రాలను అమ్మే మాట అసలే వద్దు. ముందు జూలు సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది అదే.

తోక నమిలింది గౌరే అయ్యుంటుంది. దూడలకూ పెయ్యలకూ అది మామూలు అలవాటు. గుర్రం తోక ఎదురుగా వేలాడుతుంటే గడ్డిపోచ అందుకున్నట్టు అందుకుంటాయి. కానీ నమిలిన తోకకు ఒక గుర్తు ఉంటుంది. వెంట్రుకలు మధ్యలో తెగి, కొసలు మొద్దుగా, చొంగ ఎండి అట్టకట్టి ఉంటాయి. మొదళ్లు మాత్రం గట్టిగా ఉంటాయి. జూలు అట్లా కాదు. పద్నాలుగు నెలల పెయ్య తల ఎత్తినా గుర్రం మెడ మీది జూలు అంతా నమలలేదు. రేపు పొద్దున జూలులో నాలుగు వెంట్రుకలు పట్టుకుని మెల్లగా లాగి చూడండి. మొదలుతో సహా చేతిలోకి వచ్చేస్తుంటే తప్పు బయట లేదు, తినే మేతలో ఉంది.

మీ మద్దిపాడు చుట్టుపక్కల సుబాబుల్ తోటలు చాలా ఉన్నాయి. ఆవుల కోసం రెమ్మలు కొట్టుకొచ్చి దొడ్డిలో పడేస్తారు. మీ ఇంట్లోనూ అదే జరుగుతోందా? సుబాబుల్ ఆకులో, గింజలో మిమోసిన్ అనే పదార్థం ఉంటుంది. ఆవు పెద్దకడుపులోని సూక్ష్మజీవులు దాన్ని కొంతవరకు విరగ్గొడతాయి. ఆవులకైనా మొత్తం మేతలో మూడో వంతు మించనివ్వకపోవడం మంచిది. గుర్రానికి ఆ ఏర్పాటే లేదు. సుబాబుల్ తినే గుర్రానికి మొదట రాలేవి జూలు, తోక వెంట్రుకలే. అట్లాగే సాగితే గిట్టల మీద గీతలు పడతాయి, గిట్టలు చిట్లుతాయి. మీ గుర్రం గిట్టలు కూడా కడిగి చూడండి. సుబాబుల్ మానేస్తే వెంట్రుకలు మళ్లీ వస్తాయి. గుర్రం మెడను గుంజకేసి రుద్దుకుంటుంటే మాత్రం అది దురద. దోమల వల్లో, ఈగల వల్లో, చర్మవ్యాధి వల్లో వచ్చి ఉంటుంది, డాక్టరుకు చూపించాలి. అబ్బాయికి ఒక్క మాట చెప్పండి: నెల నుంచి రెండింటికీ ఏమేం పెడుతున్నారో కాగితం మీద రాసుకోకుండా నేరం గౌరి మీద వేయొద్దని.

ఆవులతో గుర్రాలను కలిపి సాకేవాళ్లు ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఇదే. ఆవు నెమరు వేస్తుంది, గుర్రం వేయదు. ఆవు తిన్నది ముందు పెద్దకడుపులో పులుస్తుంది, అక్కడి సూక్ష్మజీవులు గడ్డినీ గడ్డితో వచ్చే కొన్ని విషాలనూ కరిగించాకే మిగతాది ముందుకు వెళ్తుంది. గుర్రానికి ఉన్నది ఒకటే చిన్న కడుపు. పులిసే పని చివర్లో, పెద్దపేగులో జరుగుతుంది. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది ఇక బయటికి వచ్చే దారి లేదు. అందుకే ఆవు హాయిగా తిని నెమరేసే వస్తువు గుర్రాన్ని చంపగలదు. గౌరి గడియ తీయడం నాకు పెద్ద భయం కాదు. తీసిన తలుపులోంచి గుర్రం ఇవతలికి వచ్చి ఆవుల తొట్టిలో మూతి పెట్టడమే భయం.

ఇది నేను విని చెప్పేది కాదు. పదకొండేళ్ల కిందట మా గుర్రం ఒకటి అట్లాగే పోయింది. పక్క ఊళ్లో ఒక కోళ్ల షెడ్డు ఖాళీ చేస్తుంటే మిగిలిన దాణా బస్తాలు సగం ధరకు వచ్చాయి. తవుడులో కలిపి ఆవులకు కొద్దికొద్దిగా పెట్టాను. వారం రోజులు ఏ ఆవుకూ ఏమీ కాలేదు. ఒక సాయంత్రం కొట్టం తలుపు సరిగా పడలేదు. గుర్రం వచ్చి తొట్టిలో మిగిలింది నాకి, బస్తా కూడా చింపి తిన్నది. తెల్లవారేసరికి ఒళ్లంతా చెమట. వెనక కాళ్లు తడబడుతున్నాయి, నిలబడలేకపోతోంది. డాక్టరుగారు వచ్చి మొదట అడిగింది బస్తా చూపించమని. దాని మీద మోనెన్సిన్ అని రాసి ఉంది. బ్రాయిలర్ కోళ్లకు పేగుజబ్బు రాకుండా కలిపే మందు అది. సాలినోమైసిన్ కూడా అటువంటిదే. ఆవులు తట్టుకునే మోతాదులో పదో వంతు కూడా గుర్రం తట్టుకోలేదు. గుండె కండరమే దెబ్బతింటుంది. విరుగుడు లేదు. రెండో రోజు మధ్యాహ్నం అది పోయింది. అప్పటి నుంచి కోళ్ల దాణా బస్తా మా గడప తొక్కలేదు. ఆవుల దాణా కొనేటప్పుడు కూడా బస్తా మీద అక్షరాలు చదవనిదే లోపలికి రానివ్వను. మీరూ చదవండి. చదవడానికి రాత లేని బస్తా, విడి దాణా, ఎంత చవకగా వచ్చినా కొనకండి.

యూరియా కలిపి ఊరబెట్టిన వరిగడ్డి, యూరియా బెల్లం ఇటుకలు కూడా ఆవుల వైపే ఉండాలి. జనుము మన వైపు మాగాణి రైతులకు బాగా తెలిసిన మేత, పచ్చిరొట్ట. గుర్రానికి మాత్రం అది కాలేయాన్నీ ఊపిరితిత్తుల్నీ దెబ్బతీస్తుంది. ముఖ్యంగా గింజ పడ్డాక కోసిన జనుము. దాని ప్రభావం వెంటనే కనిపించదు, నెలల తర్వాత గుర్రం చిక్కిపోతుంది. అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు. వట్టి వరిగడ్డి మీద గుర్రాన్ని నిలపకండి, పేగుల్లో అడ్డుపడి కడుపునొప్పి తెస్తుంది. నేపియర్ పెడితే దానితోపాటు వేరే గడ్డీ ఉండాలి. నేపియర్ ఒక్కటే అయితే గుర్రం ఎముకలకు కాల్షియం చాలదు.

ఇంకొకటి. ఆవుల ఒంటి మీది గోమార్లకు అమిట్రాజ్ మందు నీళ్లలో కలిపి కొడతారు కదా, అది గుర్రానికి కొట్టకూడదు. గుర్రం పేగులు కదలడం ఆగిపోతుంది. మందు కొట్టిన ఆవును ఆ రోజు గుర్రాలకు దూరంగా ఉంచండి. మందు కలిపిన బకెట్‌ను గుర్రం నీళ్లకు ఎప్పుడూ వాడకండి. గుర్రాల మీద గోమార్లు కనిపిస్తే ఏ మందు వాడాలో డాక్టరునే అడగండి.

ఇప్పుడు గౌరి సంగతి. దాని దొంగతనం దానికే ముప్పు. అలవాటు లేని గొడ్డు ఒక్కసారిగా ఉలవలో మొక్కజొన్నలో కడుపు నిండా తింటే పెద్దకడుపు పులిసిపోతుంది, ఉబ్బుతుంది. ఎడమ డొక్క బిగిసి డప్పులా మోగుతుంటే, నెమరు ఆగితే, మూలుగుతుంటే తెల్లారేదాకా ఆగకండి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. గుర్రం నేలను గోకుతూ, డొక్క వైపు తిరిగి చూసుకుంటూ, పడి దొర్లుతుంటే అప్పుడూ అంతే. డాక్టరు వచ్చేదాకా మేత పెట్టొద్దు, నూనెలూ కషాయాలూ గొంతులో పోయొద్దు. పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రమాదం.

దొంగతనం ఆపడానికి మేం పడ్డ పాట్లలో నిలిచింది దాణా సంచి. గోనెతోనో కాన్వాసుతోనో కుట్టించి, ఉలవలు వేసి, గుర్రం మూతికి తగిలించి చెవుల వెనక కట్టేస్తాం. ఎవరి దాణా వారి మూతి దగ్గరే ఉంటుంది. ఎంత తింటుందో మనకూ లెక్క తెలుస్తుంది. తినగానే సంచి విప్పేయాలి. సంచితో గుర్రాన్ని నీళ్ల దగ్గరకు వదలొద్దు, నీళ్లు నిండితే ఊపిరాడదు. పూటకు ఇరవై నిమిషాల పని. ఆ సమయానికి ఆవులకు కుడితి పెట్టి పలుపుతో కట్టేస్తే గౌరికి అటు చూసే తీరికే ఉండదు. మా ఇంట్లో మేపుకు అన్నీ కలిసి పోతాయి, తొట్టి దగ్గర ఎవరిది వాళ్లదే. ఈ ఒక్క కట్టుబాటు తప్పకుండా నడిస్తే మీ ఇంటి పంచాయితీలో ముప్పాతిక తీరుతుంది.

గడియకు వద్దాం. పక్కకు జరిపే గడియ ఏదైనా ఒంగోలు గొడ్డు నాలుకకు లోకువే. మా నాగలక్ష్మి గడియను నాలుకతో ఎత్తి, నుదురుతో తలుపు నెట్టి, తర్వాత ఏమీ ఎరగనట్టు నిలబడేది. ముందు మేకు పెట్టాం, పీకేసింది. తాడు కట్టాం, నమిలేసింది. చివరికి పలుపుల చివర వాడే స్ప్రింగ్ కొక్కెం ఒకటి గొలుసుతో తలుపు బయటివైపు పెట్టాం. వేలితో నొక్కితేనే తెరుచుకుంటుంది కాబట్టి నాలుకకు లొంగలేదు. తలుపు అడుగున ఇంకోటి పెట్టండి. పైది ఒకటే ఉంటే కిందినుంచి కొమ్ము దూర్చి ఎత్తేస్తాయి. కొట్టం తలుపులకే కాదు, దాణా గదికి ముందు పెట్టండి.

నీళ్ల బకెట్‌కు సులువైన మందు, పాత లారీ టైరు. టైరు మధ్యలో బకెట్ దింపితే దొర్లదు. వీలైతే గుర్రాలకు సిమెంటు తొట్టే కట్టించండి. ఎండాకాలం ఒక్కో గుర్రం రోజుకు నలభై లీటర్లు దాటి తాగుతుంది, పెయ్య దొర్లించిన బకెట్ వల్ల మధ్యాహ్నమంతా నీళ్లు లేకుండా ఉంటే అదే కడుపునొప్పికి దారి.

తోక నమలడం ఎందుకో కూడా చూడాలి. గౌరి వయసు గొడ్డుకు పీచుమేత తక్కువైనా, ఖనిజాలు చాలకపోయినా, రోజంతా ఊరికే కట్టేసినా ఏదో ఒకటి నమలడం మొదలుపెడుతుంది. రోజుకు 25 గ్రాముల మినరల్ మిక్చర్ తవుడులో కలపండి. నాకడానికి మామూలు ఉప్పుగడ్డ ఒకటి వేలాడదీయండి. రాత్రికి ముందు జొన్నచొప్ప కాస్త ఎక్కువ పడేయండి. మింగిన వెంట్రుకలు కడుపులో ఉండచుట్టుకుంటాయి కాబట్టి అది గౌరి ఆరోగ్యానికీ మంచిది కాదు. గుర్రం తోకను మూడు పాయలుగా అల్లి, పాత నూలు చీర గుడ్డతో కుట్టిన సంచిలో పెట్టి కట్టండి. తోక ఎముక చుట్టూ బిగించి కట్టొద్దు, ఎముక కిందికి వేలాడే వెంట్రుకలకే కట్టాలి. వేపనూనె పూస్తే ఆ చేదుకు మా దూడలు దూరం జరిగాయి. వాన పడితే మళ్లీ పూయాలి.

మాఘానికి పూర్తి తోక రాదమ్మా. గుర్రం తోక నెలకు అంగుళం లోపే పెరుగుతుంది. కానీ పెళ్లికూతురు జడకు సవరం ఉన్నట్టే గుర్రం తోకకూ సవరం అల్లుకోవచ్చు. రాలిన తెల్ల వెంట్రుకలు పారేయకుండా దాచి, కడిగి, అల్లించండి. ఎట్లాగూ ఊరేగింపులో జూలుకూ తోకకూ జరీ దారాలు, పూలు కడతారు. అబ్బాయి టెన్షన్ ఆ మేరకు తగ్గుతుంది.

కలిపి వదిలేటప్పుడు తన్నుల భయం ఉండాల్సిందే. పెళ్లిళ్లు లేని నెలల్లో వెనక కాళ్ల లాడాలు తీయించండి. లాడం ఉన్న తన్నుకు దూడ కాలు విరుగుతుంది, ఉత్త గిట్టకు కమిలి ఊరుకోవచ్చు. పాలు తాగే చిన్న దూడలను గుర్రాలతో వదలొద్దు. కొన్ని గుర్రాలు ఆటకే దూడల్ని తరుముతాయి, దూడ అలిసి పడేదాకా ఆగవు. ఒంగోలు ఆవు కొమ్ము పొట్టిదే అయినా ఈనిన వారం రోజులు దాని కోపం పొడుగు. ఆ వారం విడిగా ఉంచండి. కొమ్ము గీరుకున్నా, మేకు గీరుకున్నా గుర్రానికి ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి మరవొద్దు. ధనుర్వాతానికి గుర్రమంత త్వరగా లోబడే పశువు మన దొడ్లలో ఇంకోటి లేదు. ముళ్లతీగ కంచె ఉంటే గుర్రాలు తిరిగే వైపు తీసేసి, రాతి కూసాలకు సరుగుడు వాసాలు అడ్డంగా కట్టించండి. ఆవు ముల్లు తగిలితే వెనక్కి తగ్గుతుంది. గుర్రం బెదిరిందంటే తీగలోకే దూకుతుంది.

ఈ కార్తీక వానలు వెలిశాక జోరీగలు ముసురుతాయి. వాటితో సర్రా అనే జబ్బు గొడ్ల నుంచి గుర్రాలకు వస్తుంది. ఆవులూ గేదెలూ ఆ క్రిమిని రక్తంలో పెట్టుకుని పైకి బాగానే కనిపిస్తాయి. గుర్రానికి జ్వరం వచ్చి పోతూ, మేత తింటున్నా చిక్కిపోతూ, పొట్ట కిందా కాళ్లకూ నీరు దిగుతుంది, చిగుళ్లు పాలిపోతాయి. వెంటనే రక్తపరీక్ష చేయించి మందు పడకపోతే గుర్రం దక్కదు. పేడ, లద్దె రోజూ ఎత్తి దూరంగా దిబ్బలో వేయండి, సాయంత్రం వేపాకు పొగ పెట్టండి. జ్వరం అనిపిస్తే మీ డాక్టరుతో ఆవులున్న ఇల్లని చెప్పి సర్రా పరీక్ష అడగండి. గాలికుంటు, ముద్దచర్మం జబ్బులు గుర్రాలకు రావు. కానీ గాలికుంటు వచ్చిన ఆవు దగ్గర తిరిగిన చెప్పులతో, చేతులతో మనమే మిగతా ఆవులకు మోస్తాం.

ఇన్ని జాగ్రత్తలు చెప్పానని మీ ఆయన "చూశావా, ఇదంతా ఎందుకు, అమ్మేద్దాం" అంటారేమో. ఆయనకు మీ బీడు చూపించండి. గుర్రానికి పైనా కిందా ముందుపళ్లు ఉంటాయి, గడ్డిని నేలబారుగా కొరుకుతుంది. తన లద్దె పడ్డచోట మాత్రం మూతి పెట్టదు, అక్కడ గడ్డి ఏపుగా పెరిగి ముదిరిపోతుంది. ఆవుకు పైన ముందుపళ్లు లేవు, నాలుకతో చుట్టి లాగుతుంది. గుర్రం వదిలేసిన ఆ ముదురు గడ్డిని అది తినేస్తుంది. కడుపులో పురుగులు కూడా చాలావరకు ఒకదానివి ఇంకోదానికి పడవు. ఆవు మింగిన గుర్రం పురుగు పిల్ల ఆవు కడుపులోనే చచ్చిపోతుంది, గుర్రం మింగిన ఆవు పురుగు కూడా అంతే. రెండూ కలిసి మేసిన బీడు ఒక్కటే మేసిన బీడుకన్నా శుభ్రంగా ఉంటుంది. మందుల ఖర్చు పూర్తిగా పోదు కానీ తగ్గుతుంది.

ఇక గౌరిని కట్టేస్తే గుర్రం మేత ముట్టలేదన్నారే, ఆ వాక్యం నేను రెండుసార్లు చదివాను. గుర్రం మందలో బతికే జీవి. ఒంటరితనం దానికి జబ్బుతో సమానం. మీ ఆడగుర్రం మొదటి ఏడాది ఆవుల మధ్యే ఉంది, దాని మందలో గౌరి ఒకతె. మా దొడ్డిలో మధ్యాహ్నం వేపచెట్టు కింద నాగలక్ష్మి, మా గోధుమరంగు గుర్రం తలా తోకా ఎదురెదురుగా నిలబడేవి. గుర్రం తోక విసిరితే నాగలక్ష్మి ముఖం మీది ఈగలు లేచేవి. నాగలక్ష్మి గుర్రం మెడను గరగరా నాకేది. నాగలక్ష్మి పోయినప్పుడు ఆ గుర్రం మూడు రోజులు చెట్టు కిందే నిలబడింది, ఉలవలు పెట్టినా వాసన చూసి తల తిప్పుకుంది. నాలుగో రోజు ఒక పెయ్యను తెచ్చి పక్కన కట్టాక గాని తల దించి తినలేదు.

కాబట్టి గౌరిని విడిగా కట్టాల్సి వచ్చినా గుర్రానికి కనిపించేచోట కట్టండి, సరుగుడు వాసాల అడ్డం మధ్యలో ఉంటే చాలు. సుబాబుల్ ఈ రోజే ఆపండి. జూలు, గిట్టలు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, నెల తర్వాత మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. అప్పటికీ కొత్త వెంట్రుక మొలవకపోతే డాక్టరుకు చూపించి, ఆయన ఏం చెప్పారో నాకు రాయండి.